రోహిణి కార్తెలో మంచుకొండ

కాశిబుగ్గకు సైకిలు కొత్త వస్తువు కాదు. మిల్లు పనికి పోవు కార్మికుడు, మగ్గముల యొద్దకు నూలు మోయు నేతగాడు, తెల్లవారకముందే ఎనుమాముల మార్కెట్టునకు చేరవలసిన హమాలీ, పాలవాడు, పత్రికలు వేయు కుర్రవాడు - వీరందరి కాళ్ళక్రింద అరిగిన వాహనమది. 1934లో వెలసిన ఆజంజాహీ మిల్లు నేడు లేదు. మోటారు సైకిళ్ళు ఇంటింటికి వచ్చినవి. అయినను సైకిలు ఆ పేటను పూర్తిగా విడిచి పోలేదు. అయితే ఇంతకాలమును దానితో పని ఉన్నవారే దానిని తొక్కిరి. ఏ పనియు లేకుండ, కేవలము ఒక కొండ ఎక్కుట కొరకు, అదియును ఫ్రాన్సు దేశములోని ఆల్ప్స్ కొండ ఎక్కుట కొరకు సైకిలు తొక్కెదనని ఆ పేటలోని బడిపంతులొకడు అన్నాడనుకొందురుగాక, వినినవారు నవ్వుదురు. నవ్వుటలో తప్పు లేదు. నవ్వి ఊరకుండుటయే తగదు. ఆ కోరిక వ్యర్థమైనదో, సాధ్యమైనదో, సాధ్యమైనచో ఏ విధముగానో లెక్కవేసి చూచుట చదువు చెప్పువారికిని చదువుకొనువారికిని ఉచితమైన పనియే.

ఆల్ప్స్‌లో సైకిలువారు కీర్తించు కొండదారులు అనేకములు కలవు. వానిలో పేరు మ్రోగినది ఆల్ప్ ద్యుయెజ్. రోమాంష్ నదీలోయలోని బూర్ ద్వాజాన్ అను చిన్న పట్టణమున మొదలై, 13.8 కిలోమీటర్లు మెలికలు తిరిగి, సముద్రమట్టమునకు 1,850 మీటర్ల ఎత్తునకు చేరును. ఎక్కవలసిన నిలువు ఎత్తు 1,100 మీటర్లకు కొంచెము పైమాట. నూరు మీటర్లు నడచినచో సగటున ఎనిమిది మీటర్లు లేచు వాలు. మలుపులు 21. వానికి సంఖ్యలు తలక్రిందుగా వేసినారు: క్రింద మొదటి మలుపు 21, పైన చివరిది 1. ఎక్కువానికి ఇక ఎన్ని మిగిలినవో ప్రతి మలుపును తానే చెప్పును. 1903లో ఆరంభమైన టూర్ ద ఫ్రాన్స్ పందెము ఈ కొండను మొదటిసారి ఎక్కినది 1952 జులై 4న. ఆనాడు ఇటలీ దేశీయుడు ఫౌస్టో కోప్పి గెలిచెను. ఆ తరువాత ఇరువది నాలుగు సంవత్సరముల వరకు పందెము తిరిగి అక్కడికి పోలేదు. 1976 నుండియే అది మాటిమాటికి పోయి ఆ కొండకు నేటి ప్రసిద్ధి తెచ్చినది. ఈనాడు వేసవి వచ్చినచో పందెముతో నిమిత్తము లేని సామాన్యులు, ముసలివారు, పిల్లలు సైతము ఆ 21 మలుపులను ఎక్కి చూతమని దేశదేశములనుండి వచ్చుచున్నారు. వారిలో ఓరుగల్లువాడొకడు ఉండరాదని ఏ శాస్త్రమును చెప్పదు.

చిక్కంతయు 'వేసవి' అను మాటలో ఉన్నది. వేసవి ఆరంభమున పోవలెనని పుస్తకములలో వ్రాసియుండును. కాశిబుగ్గలో వేసవి ఆరంభమనగా మార్చి నెల. ఎనుమాముల యార్డు మిరప బస్తాలతో ఎఱ్ఱబడి దారిన పోవువారికి తుమ్ములు తెప్పించు కాలము. ఆల్ప్స్‌లో వేసవి ఆరంభమనగా జూను నెల. ఇక్కడ రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని సామెత చెప్పుకొను దినములలో అక్కడి ఎత్తైన కనుమలలో మంచును యంత్రములతో కోసి దారి తీయుచుందురు. ఇక్కడ మృగశిర ప్రవేశించి తొలకరి కొరకు రైతు ఆకాశమువంక చూచునప్పుడు అక్కడ దారికి ఇరుప్రక్కల మనిషెత్తు మంచుగోడలు ఉండవచ్చును. ఒకే మాట, ఒకే నెల. అక్షాంశము మారినది, ఎత్తు మారినది. భూగోళము పాఠమున 'శీతోష్ణస్థితి' అను శీర్షిక క్రింద వల్లెవేయించు సంగతియే ఇది. ప్రయాణము కట్టవలసి వచ్చిననాడు గాని ఆ పాఠము ఎవరి ఒంటికిని తగులదు.

ఇచట పంతులుగారికి మరియొక అడ్డంకి కలదు. ఇటీవలి సంవత్సరములలో తెలంగాణమున బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ 24న మొదలై జూను 11తో ముగియుచున్నవి. జూను 12న గంట కొట్టునప్పటికి ఆయన తరగతిలో ఉండవలెను. ఆల్ప్స్‌లోని ఉన్నత కనుమలు, గాలిబియే వంటివి, మే నెల చివరనో జూనులోనో గాని తెరవబడవు. ఏ దినమున అనునది ఆ ఏటి మంచును బట్టి ఉండును. గాలిబియే 2,642 మీటర్ల ఎత్తున ఉన్నది. 1911లోనే టూర్ పందెము దానిని దాటినది. దానిమీద మనసుపడి ఆరునెలల ముందు విమానపు టిక్కెట్టు కొన్న ఉపాధ్యాయుడు మే చివరివారమున కనుమ మొదట మూసిన గేటును చూచి మరలిరావలసిన వాడగును. పెద్ద పేరు కొరకు పెద్ద కనుమను ఎన్నుకొనుట అవివేకము. ఆల్ప్ ద్యుయెజ్ అట్లు కాదు. పైన మంచుమీద జారు క్రీడల కొరకు వెలసిన ఊరున్నందున ఆ దారిని శీతకాలమున సైతము ఊడ్చి తెరచియే ఉంచుదురు. సెలవుల చివరి పది పదునైదు దినములలో, అనగా మే నెలాఖరున గాని జూను మొదటి వారమున గాని, బడికి ఎగనామము పెట్టకుండ ఎక్కదగిన ప్రసిద్ధమైన కొండ అదియే. ప్రసిద్ధిని బట్టి గాక పంచాంగమును బట్టి కొండను ఎన్నుకొనవలెను.

దారి తెరచియున్నంత మాత్రమున వాతావరణము తోడ్పడునని నమ్మరాదు. 1988 జూను 5న ఇటలీ దేశపు పందెమైన జిరో ది ఇటాలియా గావియా కనుమను దాటవలసి ఉండెను. దాని ఎత్తు 2,600 మీటర్లకు పైన. ఆనాడు పైన మంచు కురిసినది. ఎక్కునప్పుడు చెమటోడ్చిన వీరులు దిగునప్పుడు వేళ్ళు కొయ్యబారి బ్రేకు నొక్కలేకపోయిరి. కొందరు దిగి నడచిరి, కొందరు బండ్లలో దూరి ఒళ్ళు కాచుకొనిరి. వెచ్చని బట్టలను ముందుగా సిద్ధపరచుకొన్న జట్టులోని అమెరికా దేశీయుడు ఆండీ హ్యాంప్‌స్టెన్ ఆ దినము రెండవవాడుగా వచ్చి, అగ్రస్థానమును చేజిక్కించుకొని, చివరకు పందెమునే గెలిచెను. కాలి బలమున ఆయనకు సాటివచ్చువారు ఆ గుంపులో లేకపోలేదు. వెచ్చని బట్టలు ముందుగా మూట కట్టించుటలో సాటి లేకపోయినది. వేయి మీటర్లు పైకి పోయినకొలది గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడునని విజ్ఞానశాస్త్రము చెప్పుచున్నది. లోయకంటె ఆల్ప్ ద్యుయెజ్ పైభాగము ఏడు డిగ్రీలు చల్లగా ఉండునన్నమాట. చెమటతో తడిసిన చొక్కాతో గంటకు నలుబది కిలోమీటర్ల వేగమున దిగువానికి ఆ ఏడు డిగ్రీలు ఇంకను అధికముగా తోచును. మే నెలలో వరంగల్లున పెట్టె సర్దుకొనువానికి స్వెట్టరు గుర్తుకు రాదు. గుర్తుచేయుటకే ముందుగా ఒక పట్టీ వ్రాసికొనుట.

సైకిలు సంగతికి వచ్చినచో లెక్కల పంతులును, భౌతికశాస్త్రపు పంతులును కలిసి కూర్చుండవలెను. మనిషి, సైకిలు, నీళ్ళసీసా, బట్టలు కలిపి 75 కిలోలనుకొన్నచో, 1,120 మీటర్లు పైకెత్తుటకు కావలసిన పని సుమారు 8,23,000 జౌళ్ళు. రెండు గంటలకు కొంచెము తక్కువలో ఎక్కవలెనన్నచో, అనగా గంటకు ఏడు కిలోమీటర్లు చొప్పున, ఎడతెగక 115 వాట్ల సామర్థ్యము కాళ్ళనుండి వెలువడవలెను. గాలి, రాపిడి వీనికి తోడు. ఇంటిలోని సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు. ఒకటిన్నర ఫ్యాన్లను రెండు గంటలు కాలితో త్రిప్పుట అని పిల్లలకు చెప్పినచో వెంటనే తెలియును. దేహయంత్రము తిన్నదానిలో నాలుగవ వంతు మాత్రమే పనిగా మార్చగలదు గనుక ఆ ఎక్కుడుకు సుమారు 800 కిలో కెలొరీల ఆహారము వ్యయమగును. ఇది అసాధ్యమైన సంఖ్య కాదు. ఆరోగ్యవంతుడైన నలుబది ఏండ్లవాడు కొన్ని మాసముల సాధనతో చేరుకొనదగినదే. పందెగాండ్రు నలుబది నిమిషములలోపుననే ఎక్కుదురు. వారితో పోలిక అనవసరము.

కాని ఇంటి ముందున్న నల్ల సైకిలుతో ఇది సాగదు. దాని ముందు పళ్ళచక్రమునకు 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలునకు 18 పళ్ళు అనుకొన్నచో, పెడలు ఒక్క చుట్టు తిరిగినప్పుడు సైకిలు దాదాపు 5.4 మీటర్లు పోవును. గంటకు ఏడు కిలోమీటర్ల నడకన నిమిషమునకు 22 చుట్లే తిరుగును. ప్రతి చుట్టును బావిలోని రాయిని పైకి లాగినట్లుండును. ముందును వెనుకను సమానముగా 34 పళ్ళున్న గేరుతో ఒక్క చుట్టుకు 2.1 మీటర్లే పోవును, నిమిషమునకు 55 చుట్లు తిరుగును, మోకాలు బ్రతుకును. పని మారలేదు, దానిని చిన్న చిన్న ముక్కలుగా చేసినారు. ఏతామునకును కప్పీకిని చెప్పు సూత్రమే ఇది. గేరు వేయుట పౌరుషమునకు లోపమని తలచువారు కాశిబుగ్గలోనే కాదు, ఫ్రాన్సులోను ఉండిరి. గొలుసును పళ్ళచక్రములపై మార్చు సాధనమును టూర్ ద ఫ్రాన్స్ నిర్వాహకులు 1937 వరకు అనుమతింపలేదు. నేడు గేరు లేకుండ ఆ కొండ ఎక్కుమని ఏ పందెగానికైనను చెప్పి చూడవచ్చును!

ఇక సాధన. ఇందులోనే ప్రాణాపాయము పొంచియున్నది. మే చివర కొండ ఎక్కవలెనన్నచో అంతకు ముందరి మూడు నెలలలో అధికముగా సాధన చేయవలెనని సామాన్యముగా అనుకొందురు. ఐరోపావానికి అది చల్లని వసంతము. ఓరుగల్లువానికి అది నడినెత్తిన నిప్పు. 2015 మే నెలలో ఉభయ తెలుగు రాష్ట్రములలో వేయిమందికి పైగా వడదెబ్బకు బలియైరి. ఉత్సాహవంతుడైన ఉపాధ్యాయుడు పరీక్షా పత్రములు దిద్ది, పదిగంటలకు సైకిలెక్కి, నలుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని బయలుదేరినచో జరుగగల అనర్థమునకు బాధ్యులెవరు? కాబట్టి సాధనను తలక్రిందుగా పెట్టుకొనవలెను. నవంబరు, డిసెంబరు, జనవరి మాసములలో కష్టమైన భాగమంతయు ముగింపవలెను. మార్చి తరువాత సూర్యోదయమునకు ముందు ఒక గంట. ఏడుగంటలకు సైకిలు గోడకు చేరవలెను. కొండలో ఎండ తగులదను భ్రమయు వలదు. 1967 జులై 13న ప్రొవాన్సులోని వాంతూ పర్వతముపై ఇంగ్లండు వీరుడు టామ్ సింప్సన్ కూలి మరణించెను. మండుటెండ, ఒంటిలో నీరు తక్కువగుట, అలసటను మరపించుటకు మ్రింగిన ఉత్తేజకపు మాత్రలు - ఇవన్నియు కలిసి ఆయనను బలిగొన్నవి. ఆయన వయస్సు ఇరువది తొమ్మిది. ఈ ఒక్క కథయు క్రీడా మైదానమున చెప్పదగినది. గెలుపు పిచ్చి పట్టిన పిల్లలకు ముఖ్యముగా.

సాధనకు స్థలము లేదనరాదు. ఓరుగల్లు చుట్టుపట్ల పెద్ద కొండలు లేవన్నమాట నిజమే. పద్మాక్షి గుట్టవంటివి ఊపిరి ఎగదోయకముందే ముగియును. అయినను దూరము తొక్కుటకు దారులు కలవు. కాకతీయుల నాటి పాఖాల చెరువు ఏబది కిలోమీటర్ల దూరమున ఉన్నది. పోయి వచ్చిన నూరు కిలోమీటర్లగును. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన, 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడిన రామప్ప దేవాలయము ఇంకను కొంత దూరము. కూర్చుండుట, త్రాగుట, తినుట, చిల్లుపడిన ట్యూబునకు అతుకు వేయుట ఈ దారులు నేర్పగలవు. కొండ ఎక్కుట నేర్పువానిని వెదకవలెనన్నచో తూర్పు కనుమలకు పోవలెను. వరంగల్లున గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినచో విశాఖపట్టణము చేరవచ్చును. అక్కడినుండి శృంగవరపుకోట, ఆ ఊరు దాటినంతనే అనంతగిరి ఘాటు మొదలగును. గంటల తరబడి ఎక్కుడు, కాఫీ తోటల నీడ, ప్రక్క లోయలో రైలుదారి. ఆ రైలుదారిమీది శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉన్నది. తీరమున మొదలిడి అరకులోయకు చేరువాడు ఎక్కిన ఎత్తు ఆల్ప్ ద్యుయెజ్ ఎక్కుడుకు అంతగా తీసిపోదు. వాలు మాత్రము అంత నిటారు కాదు. సంక్రాంతి సెలవులలో అనంతగిరి ఎక్కలేనివాడు ఫ్రాన్సు టిక్కెట్టు కొనకూడదు. ఇది కఠినముగా తోచవచ్చును. బూర్ ద్వాజాన్ దాటిన వెంటనే దారి నూటికి పదిమీటర్ల వాలున లేచునని, మొదటి రెండు కిలోమీటర్లే అన్నింటికంటె కష్టమని తెలిసినవాడు కఠినమనడు.

దిగుట గురించి ఎవరును మాటాడరు. ఎక్కినవాడు దిగక తప్పునా? ఎక్కుట మోకాళ్ళ పరీక్ష, దిగుట బ్రేకుల పరీక్ష. వరంగల్లు చదునుదారిలో బ్రేకు కట్టెలు అరిగిపోయినను కాలు నేలకు ఆన్చి సైకిలు ఆపుట అలవాటు. 21 మలుపుల దారిలో ఆ అలవాటు పనికిరాదు. పైగా అక్కడ బండ్లు దారికి కుడివైపున పోవును. ఎడమకు అలవాటుపడిన చెయ్యి మలుపు తిరుగునప్పుడు దానంతటదే ఎడమకు లాగును. ఎదుటినుండి బస్సు వచ్చు క్షణమున అది ఎంతటి ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు. అలసిన మనస్సునకే పాత అలవాట్లు ముందుగా గుర్తుకువచ్చును.

కాగితముల పని కొండకంటె సులువు, సహనము మాత్రము ఎక్కువ అడుగును. వీసా దరఖాస్తును ప్రయాణమునకు ఆరు నెలల ముందునుండి ఇయ్యవచ్చును. పదునైదు దినములకంటె ఆలస్యము చేయరాదు. ముప్పది వేల యూరోలకు తగ్గని వైద్యబీమా చూపవలెను. గ్రెనోబ్ల్ నగరమునుండి బూర్ ద్వాజాన్‌కు ఏబది కిలోమీటర్లు, బస్సు కలదు. గేర్లున్న సైకిలు అక్కడనే అద్దెకు దొరకును గనుక పెట్టెలో కట్టి మోసికొనిపోవు బాధ తప్పించుకొనవచ్చును. అయితే తన సైకిలు కాని సైకిలుపై మొదటి దినముననే కొండకు పోక, ఒక దినము లోయలో తిరిగి చూచుకొనవలెను.

ఇంతవరకు వచ్చినవారు ధనము మాట ఎత్తక మానరు. ఎత్తవలసినదే. పంతులుగారి నాలుగు నెలల కష్టార్జితము కొండ పాలగునా? అదే సొమ్ముతో బడి గ్రంథాలయమునకు పుస్తకములు రావా? దూరపు పల్లెలనుండి నడిచివచ్చు ఆడపిల్లలకు సైకిళ్ళు కొనియీయరాదా? ఈ ప్రశ్నలు న్యాయమైనవి. వీనిని నవ్వి త్రోసిపుచ్చుటకు వీలులేదు. ఆయన ఆ సొమ్మును ఇల్లు కట్టుటకో, పెండ్లి పందిరికో వ్యయము చేసినచో ఇట్టి ప్రశ్నలు ఎవరును వేయరన్నది కూడ న్యాయమైన మాటయే. తన జీతములో మిగిల్చినదానిని తన కోరికపై వ్యయపరచుట ఆయన హక్కు. కాని ఒక్క పైసయైనను విద్యార్థులనుండి చందాగా వసూలు చేయరాదు. 'విహారయాత్ర' పేరిట పిల్లలను వెంటబెట్టుకొని పోవు యోచనయు కూడదు. ధనవంతుల పిల్లలు పోవుదురు, నేతవారి పిల్లలు ఇంట మిగులుదురు. తరగతిలో ఆ గీత ఒకసారి పడినచో చెరగదు.

మరి విద్యార్థులకు ఇందులో పాలేమి? ప్రయాణపు ఏర్పాటంతయు వారిదే కావలెను. పటము గీయువారు కొందరు, ప్రతి మలుపు యొక్క ఎత్తును పట్టికగా వేయువారు కొందరు, గత పదేండ్లలో గాలిబియే ఎప్పుడెప్పుడు తెరచినారో వెదకువారు కొందరు, గేర్ల లెక్క చేయువారు కొందరు, సంచిలోని సామానును తూచువారు కొందరు. ఆడపిల్లలు ఈ పనిలో పటమునకే పరిమితము కారాదు. పాఖాల దారిలోను ఉండవలెను. కాశిబుగ్గలో సైకిలు తొక్కు బాలిక ఏడవ తరగతి దాటగానే ఎందుకు దిగిపోవుచున్నదో ఇంటింట తల్లులను అడిగి తెలిసికొనుట ఆల్ప్స్ ఎత్తు తెలిసికొనుటకంటె కష్టమైన పని. ఆ పనియు ఈ ఏర్పాటులోనిదే కావచ్చును. పంతులుగారు పోయి వచ్చినను, పోలేకపోయినను, పిల్లల చేతిలో ఆ పటమును ఆ లెక్కయు మిగులును.

ఆరంభమునకు నవంబరు మొదటి ఆదివారము మంచిది. తెల్లవారుజామున అయిదు గంటలకు, పాఖాల కట్టవరకు. నల్ల సైకిళ్ళవారును రావచ్చును. అతుకు సామానును, గాలి పంపును ఒక్కరు తెచ్చిన చాలును. నీళ్ళసీసా మాత్రము ఎవరిది వారే తెచ్చుకొనవలెను.